బేగంపేట ఫోటో, డెక్కన్ రేడియో ప్రసంగం

పొద్దున మామయ్యను ఢిల్లీ విమానం ఎక్కించడానికి శంషాబాద్ వెళ్లాను. దారిలో ఆయన తన ఫోనులో ఒక ఫోటో చూపించారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విమానాశ్రయంలో సర్దార్ పటేల్ ఎదుట నిలబడి చేతులు జోడిస్తున్న ఫోటో అది. కింద ‘1948 సెప్టెంబరు 17, నిజాం లొంగుబాటు’ అని రాసి ఉంది. ఏటా సెప్టెంబరులో ఇదే ఫోటో ఇదే తేదీతో తిరుగుతూనే ఉంటుంది. నిజానికి అది 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంపేటలో తీసినది. అప్పటికి లొంగుబాటు జరిగి అయిదు నెలలు కావస్తోంది.

సెప్టెంబరు 17 సాయంత్రం జరిగినదానికి వేదిక విమానాశ్రయం కాదు, రేడియో. తన సైన్యం కాల్పులు విరమించిందనీ, భారత సేనలు బొల్లారం, సికింద్రాబాదులకు రావడానికి అభ్యంతరం లేదనీ నిజాం స్వయంగా తన ప్రభుత్వ రేడియో అయిన డెక్కన్ రేడియోలో ప్రకటించాడు. ఆ ప్రసంగం చేయక తప్పదని ఒత్తిడి తెచ్చినవాడు భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ. అంతటి ప్రభువు మైకు ముందు కూర్చుని తన ఓటమిని ప్రజలకు తానే చదివి వినిపించవలసి రావడం, నాకు మాత్రం, పటేల్‌కు పెట్టిన ఆ నమస్కారం కన్నా పెద్ద సంగతిగా తోస్తుంది.

తిరుగు దారిలో సైఫాబాద్‌లో చిన్న పని చూసుకుని ఆకాశవాణి ముందు నుంచే వచ్చాను. ఈ కేంద్రానికి మూలం తపాలా శాఖలో పనిచేసిన మహబూబ్ అలీ చిరాగ్ అలీ లేన్‌లో సొంతంగా నడిపిన 200 వాట్ల ట్రాన్స్‌మిటర్. దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుని 1935 ఫిబ్రవరి 3న తన రేడియోగా ప్రారంభించింది. ప్రసారాల్లో ఉర్దూదే పైచేయి అయినా తెలుగు, మరాఠీ, కన్నడాలకూ కొంత చోటు ఉండేది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసిపోయింది.

బేగంపేట విమానాశ్రయమూ ఆ 1930ల నాటిదే. నిజాం ప్రభుత్వానికి వాటా ఉన్న డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు ఎగిరింది అక్కడి నుంచే. 1953లో ఆ సంస్థను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు నిజాం పక్షం కోసం కరాచీ నుంచి బీదర్, వరంగల్‌లకు దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడని తలచుకుంటే, మరుసటి ఏడాదే నిజాం తన రాజధాని విమానాశ్రయంలో పటేల్ కోసం ఎదురుచూస్తూ నిలబడడంలోని మార్పు ఎంతటిదో తెలుస్తుంది. 2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి శంషాబాద్‌కు తరలాయి. అక్కడి 4,260 మీటర్ల రన్‌వే, మామయ్యను దింపిన విశాలమైన టెర్మినల్ గొప్పవే; కానీ ఈ నగరపు పాత కథలేవీ అక్కడ జరగలేదు.

నన్నడిగితే, పాఠ్యపుస్తకాల్లో ఆ ఫోటో వేసినప్పుడల్లా కింద 1949 ఫిబ్రవరి అని స్పష్టంగా రాసి, పక్కనే సెప్టెంబరు 17 నాటి రేడియో ప్రసంగ పాఠాన్ని పూర్తిగా అచ్చువేయాలి.