కోత మిల్లు చరిత్ర రాయడానికి కూర్చుంటే

మూతపడిన ఒక కోత మిల్లు కంపెనీ చరిత్ర రాసిపెట్టమని యజమానుల కుటుంబం అడిగినప్పుడు రెండు నెలల పని అనుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. చిన్న ఊళ్లోని కంపెనీ, ఒకటే ఆవరణ, యజమానులు రెండు తరాల వాళ్లు, కాగితాలన్నీ ఒకే ఇనప్పెట్టెలో ఉన్నాయన్నారు. తీరా పెట్టె తెరిస్తే సగం చెదల పాలయ్యాయి. మిగిలిన సగంలో ముప్పాతిక భాగం అప్పు పత్రాలే.

అందరి నోటా వినిపించేది ఒక్కటే కథ. కంపెనీ పెట్టిన పెద్దాయన చేతిరంపంతో మొదలుపెట్టి, ఒక్కొక్క దుంగా కోసుకుంటూ కంపెనీని నిలబెట్టారట. వాళ్లు అచ్చువేసుకున్న స్మారక సంచికలో ఉన్నదీ అదే. కాకపోతే సంచికలోని స్థాపన సంవత్సరానికీ రిజిస్ట్రేషన్ పత్రంలోని సంవత్సరానికీ పదకొండేళ్ల తేడా ఉంది. వయసు పెంచి చెప్పుకోవడం కంపెనీలకు అలవాటే కదా అని, సంచికలోని సంవత్సరాన్ని పక్కన పెట్టేశాను. ఆ తొందరపాటుకు తర్వాత చాలా పేజీలు కొట్టేయాల్సి వచ్చింది.

ముందు ఆవర్జాలు, అంటే లెక్కల పుస్తకాలు, పట్టుకున్నాను. ఒకవైపు లోపలికి వచ్చిన దుంగల ఘనపుటడుగులు, మరోవైపు బయటికి వెళ్లిన కోత కలప. ఏ నెల కూడి చూసినా నూటికి డెబ్బై వంతులు తేలుతోంది. గుండ్రటి దుంగను నలుచదరపు పలకలుగా కోస్తే అంచు చెక్కలు, పొట్టు, ముక్కలు పోగా సగానికి కాస్త ఎక్కువ దక్కితే గొప్ప. డెబ్బై అంటే లెక్కల్లో ఏదో మోసం ఉందనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త సంబరపడ్డాను కూడా. చప్పటి కథలో ఒక కుంభకోణం దొరికితే ఎవరికి చేదు?

మూడు వారాలు ఆ మోసం వెంట తిరిగాక, ఆవర్జా అంచున పొడి అక్షరాల్లో ఉన్న ‘క్యూ.జి.’ కంటపడింది. క్వార్టర్ గర్త్, అంటే చుట్టుకొలతలో నాలుగో వంతు. బ్రిటిష్ కలప వ్యాపారంలో స్థిరపడిన హోపస్ పద్ధతి ఇది. దుంగ నడుమ చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 12 అడుగులు ఉన్న దుంగకు ఈ లెక్కన 18.75 ఘనపుటడుగులు వస్తాయి. అసలు ఘనపరిమాణం దాదాపు 23.9. కోతలో పోయే తరుగును కొంత ముందే మినహాయించినట్టన్నమాట. దుంగలు హోపస్ లెక్కలో, పలకలు అసలు లెక్కలో రాసుకున్నారు. రెండూ ఒకే కొలతలోకి మార్చి చూస్తే డెబ్బై కాస్తా యాభై అయిదైంది. పాపం, గుమస్తా నిజాయతీపరుడే!

అయినా ఆవర్జాలు రిజిస్ట్రేషన్ తర్వాతి కాలానివే. అంతకుముందు ఏముందో చెప్పే చీటీ ముక్క కూడా లేదు. ఆ దశలో పని మానేద్దామనుకుంటుండగా, ఆ మిల్లులో రంపాలకు పదును పెట్టిన పెద్దాయన ఒకరు నన్ను ఆవరణలోని పాత కొట్టంలోకి తీసుకెళ్లారు. గోడ పలక మీద టార్చిలైటు అడ్డంగా పట్టి, “చూడమ్మా, ఇది మా బ్యాండుసా కోసింది కాదు” అన్నారు. బ్యాండుసా అంటే కొసలు అతికిన ఉక్కు పట్టీ, రెండు చక్రాల మీద తిరుగుతూ కోసే రంపం.

పక్క వెలుతురు పడగానే పలక మీది గీతలు లేచి నిలబడ్డట్టు కనిపించాయి. అన్నీ విల్లులా వంగి, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. బ్యాండుసా నిలువుగా, సమాంతరంగా గీతలు వేస్తుంది. చేతిరంపం గీతలు మనిషి చేతిని బట్టి వాలు మారుతుంటాయి. విల్లు గీతలు మిగిల్చేది గుండ్రటి చక్రం రంపమే.

పలక మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది ఒక గీతను దింపుకున్నాను. రెండు కొసల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, నడుమ వంపు లోతు 2 సెంటీమీటర్లు. బడిలో నేర్చుకున్న జ్యామితి అక్కరకొచ్చింది. వ్యాసార్ధం 57 సెంటీమీటర్ల పైచిలుకు తేలింది, అంటే రంపం వ్యాసం ఇంచుమించు 45 అంగుళాలు. ఎక్కడో కోయించి తెచ్చిన పలకేమో అన్న అనుమానం కూడా అక్కడే తీరింది. దుంగ కొసన ముద్ర సుత్తితో కొట్టిన కంపెనీ గుర్తు సగం ముక్క పలక చివర మిగిలి ఉంది.

ఆ తర్వాత వెతకాల్సిన చోటు తెలిసింది. కోత మిల్లంటే పొట్టు, ఎండిన చెక్క, బాయిలరు నిప్పు ఒకే కప్పు కింద ఉండే చోటు. అవి కాలిపోవడం వింతేమీ కాదు. అప్పు పత్రాల కట్టలోనే, వడ్డీ కాగితాలకు అంటుకుపోయి ఒక బీమా ఉత్తరం నకలు దొరికింది. అగ్నిప్రమాదంలో పోయిన సామాన్ల జాబితా అది. ఒక ఆవిరి బాయిలరు, 48 అంగుళాల చక్రం రంపం ఒకటి. కాలిపోయింది రిజిస్ట్రేషన్‌కు ముందు నడిచిన భాగస్వామ్య సంస్థ. బీమా డబ్బుకు అప్పు కలిపి బ్యాండుసాతో మళ్లీ మొదలుపెట్టింది కొత్తగా రిజిస్టరైన కంపెనీ. అంటే నేను పక్కన పెట్టేసిన సంవత్సరమే సరైనది, నేను నమ్మిన చేతిరంపమే కట్టుకథ.

బ్యాండుసాకే ఎందుకు మారారో ఊహించడం కష్టం కాదు. దానికి 1808లోనే ఇంగ్లండులో విలియం న్యూబెరీ పేటెంటు తీసుకున్నా, బ్లేడు అతుకు నిలవక చాలాకాలం అక్కరకు రాలేదు. నిలిచాక మాత్రం పెద్ద మిల్లులు అటే మళ్లాయి. కోసిన చోటల్లా పావు అంగుళం వెడల్పున కలపను పొట్టు చేసే చక్రం రంపంతో అంగుళం పలకలు కోస్తే, కోతలోనే అయిదో వంతు కలప పొట్టవుతుంది. బ్యాండుసా అందులో సగమే తింటుంది. ఆ పొట్టే బాయిలరుకు మేతగా ఉన్నన్నాళ్లూ నష్టం ఎవరికీ కనబడి ఉండదు.

నలభై అయిదుకూ నలభై ఎనిమిదికీ మూడంగుళాల తేడా మాత్రం నన్ను వదల్లేదు. లెక్క తప్పిందేమోనని మరో నాలుగు పలకలు రుద్దాను. అన్నీ ఆ దగ్గరదగ్గరే వచ్చాయి. చివరికి రంపాలకు పదును పెట్టిన ఆ పెద్దాయన్నే అడిగాను. ఆయన తన ఆకురాయి తీసి చూపించి, నవ్వారు. “పదును పెట్టినప్పుడల్లా రంపం కొంచెం కరుగుతుందమ్మా. మూడంగుళాలు అరిగిందంటే ఎన్ని దుంగలు కోసిందో లెక్క వేసుకో.”