ఇసుక కప్పేకొద్దీ పెరిగే మారం గడ్డి

యూరప్ పశ్చిమ తీరంలోనూ, బాల్టిక్, మధ్యధరా సముద్రాల ఒడ్డునా గాలికి కదిలే ఇసుక దిబ్బలను ఆక్రమించుకొని పెరిగే బహువార్షిక గడ్డి మారం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనిని అరుండో ప్రజాతిలో చేర్చాడు. ఆ తరువాత చాలాకాలం ఇది అమ్మోఫిలా అరెనేరియాగా చలామణి అయింది. ఇప్పుడు కాలమాగ్రోస్టిస్ అరెనేరియా అంటున్నారు.

గుబురుగా, నిటారుగా, ఇంచుమించు మనిషి నడుము ఎత్తున పెరిగే ఈ గడ్డి ఆకులు బూడిదరంగు కలిసిన పచ్చదనంతో, బిరుసుగా, సూది మొనలతో ఉంటాయి. ఆకు తొడుగు, పత్రదళం కలిసే చోట ఉండే పలుచని పొరను లిగ్యూల్ అంటారు. చాలా గడ్డి జాతులలో కొద్ది మిల్లీమీటర్లకు మించని ఆ పొర ఇందులో 1 నుంచి 3 సెంటీమీటర్ల వరకు సాగి ఉంటుంది కనుక, కంకి లేని కాలంలో దీనిని గుర్తించడానికి నేను మొదట చూడమనేది దానినే. వేసవిలో వచ్చే కంకి దట్టంగా, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ఒక్కో చిరుకంకిలో ఒకే పుష్పం.

ఆకు నిర్మాణాన్ని అడ్డుకోత తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పత్రరంధ్రాలన్నీ పైతలంలో నిలువునా సాగే గాడుల అంచులలో, సన్నని నూగు చాటున ఉంటాయి. కింది తలానికి మందమైన అవభాసిని (మైనపు పైపొర) ఉంటుంది, రంధ్రాలు ఉండవు. గాలి పొడిబారినప్పుడు గాడుల అడుగున ఉన్న ప్రత్యేక కణాలు నీటిని కోల్పోయి ముడుచుకోవడంతో ఆకు పైతలం లోపలికి పోయేలా గొట్టంగా చుట్టుకుంటుంది. లోపల చిక్కుకున్న తేమగాలి వల్ల బాష్పోత్సేకం, అంటే ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడం, బాగా తగ్గిపోతుంది.

అయితే ఎడారి మొక్కలలోనూ ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి కనుక, మారం అసలు విశిష్టత భూమి లోపలే ఉందని నేను భావిస్తాను. ఏడాదికి దాదాపు ఒక మీటరు మందాన ఇసుక కప్పినా దీని భూగర్భ కాండం కణుపుల మధ్య దూరాన్ని పెంచుకుంటూ నిలువుగా పైకి సాగి, కొత్త ఇసుకలో కొత్త వేర్లు వేస్తుంది. విచిత్రమేమిటంటే, ఇసుక చేరడం ఆగిపోతే ఈ గడ్డి క్రమంగా క్షీణిస్తుంది, పూత కూడా తగ్గిపోతుంది. పాత వేర్ల చుట్టూ చేరే నులిపురుగులు, హానికర శిలీంధ్రాలు ఇందుకు ఒక కారణమని నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి. తాజా ఇసుకలో అవి ఇంకా పెరిగి ఉండవు కనుక, పైపైకి సాగే మొక్క కొంతకాలం వాటికి అందకుండా ఉంటుంది. ఉప్పును మాత్రం ఇది అంతగా తట్టుకోదు. అందుకే అలలు తరచుగా తాకే అంచును వేరే గడ్డి జాతులకు వదిలి, కాస్త వెనుక నుంచి మొదలవుతుంది.

ఇసుకను పట్టి ఉంచే ఈ వేర్ల విలువ పాతకాలపు పాలకులకూ తెలుసు. స్కాట్లండ్‌లోని కల్బిన్ ప్రాంతం 1694లో ఇసుక మేటల పాలైన మరుసటి ఏడాదే, దిబ్బల మీద గడ్డి పీకడాన్ని అక్కడి పార్లమెంటు నిషేధించింది. దిబ్బలను కదలకుండా స్థిరపరచడానికి తరువాతి కాలంలో అనేక తీరాలలో ఈ గడ్డిని నాటారు కూడా. కానీ పూర్తిగా స్థిరపడిన దిబ్బ మీద మారం నిలవదు. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో కొన్ని చోట్ల ముందువరుస దిబ్బలకు కావాలనే గండ్లు కొట్టి, ఇసుకను మళ్లీ లోపలికి వీచనిస్తున్నారు.