4 గంటల తప్పెటగుళ్లు, 16 జీబీ పెన్‌డ్రైవ్

చీపురుపల్లి దగ్గర మా ఊరి పండక్కి తప్పెటగుళ్లనే జానపద నృత్యం ఆడించారు. ఆట మొత్తం వీడియో తీశాను, నాలుగు గంటలు వచ్చింది. బృందం గురువుగారు 16 జీబీ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "టీవీకి పెడితే ఆడాల బాబూ, మా మనవలు అడుగులు చూసి నేర్చుకోవాల" అన్నారు.

కెమెరా రికార్డు చేసింది సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున. 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 3 మెగాబైట్లు. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు. మొత్తం 43.2 జీబీ!

చాలామంది ఏదో ఒక క్వాలిటీ పెట్టేసి, కన్వర్ట్ అయ్యాక సైజు చూసుకుంటారు. ఇంత పెద్ద వీడియోకి అలా చేస్తే రాత్రంతా కంప్యూటర్ నడిపినా తెల్లారేసరికి ఫైలు పట్టకపోవచ్చు. అందుకే చోటు దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి పెడితే 14.9 జీబీ అనే చూపిస్తుంది. చోటు ఎక్కడికీ పోలేదు. తయారీదారులు జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున హెచ్చించి లెక్కేస్తుంది. కొంచెం ఖాళీ ఉంచి 15,000 మెగాబైట్లు వాడుకుందామనుకున్నాను. దాన్ని 8తో గుణించి 14,400తో భాగిస్తే సెకనుకు 8.33 మెగాబిట్లు. అందులో ఆడియోకి 0.192 తీసేసి, వీడియోకి 8 ఖాయం చేశాను.

8 సరిపోతుందా అన్నదే అసలు టెన్షన్. గురువుగారు నిలబడి పాట ఎత్తుకునే చోట 4 మెగాబిట్లిచ్చినా బొమ్మ బాగానే ఉంటుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ పెద్దగా మార్పుండదు కదా. గుండెల మీద రేకు తప్పెట్లు వాయిస్తూ అందరూ ఒక్కసారి ఎగిరే చోట అలా కాదు. ఆ ఒక్క నిమిషాన్నీ కోసి, రెండు రేట్లలోనూ చేసి చూశాను. 4లో గజ్జెలు, పాదాలు, లేచిన దుమ్ము అంతా చిన్న చిన్న గడులైపోయాయి. ఏ కాలు ముందు పడిందో తెలీదు. 8లో మడమ నేలకి తగలడం కూడా కనిపించింది. పిల్లలు నేర్చుకోవాల్సింది ఆ అడుగులే. ఎవరైనా సరే, తమ వీడియోలో అన్నిటికన్నా కదలిక ఎక్కువున్న ముక్కతోనే పరీక్షించుకోవాలని నా అభిప్రాయం.

వీడియోలు కన్వర్ట్ చేసే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో సగటు బిట్ రేట్ (సెకనుకు వాడే బిట్లు) 8000 కిలోబిట్లు, అంటే 8 మెగాబిట్లు ఇచ్చి, రెండు పాస్‌లు పెట్టాను. మొదటి పాస్‌లో కదలిక ఎక్కడ ఎక్కువో చూసుకుంటుంది, రెండో పాస్‌లో బిట్లను అటు మళ్లిస్తుంది. సైజూ లెక్కకి దగ్గరగా వస్తుంది.

ఆయన టీవీ పాతది, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లే చదువుతుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. గంటకొక ఫైలు చేస్తే ఒక్కోటి సుమారు 3.69 జీబీ, నాలుగూ కలిపి 14.7. టీవీకి పెట్టగానే ఆడాయి.

గురువుగారి అన్నయ్య ఇంట్లో డీవీడీ ప్లేయరే ఉంది. 4.7 జీబీ డిస్క్‌లో నాలుగు గంటలు కుక్కితే 2.6 మెగాబిట్లే దక్కుతాయి, డీవీడీ వాడే ఎంపెగ్2 అనే పాత కుదింపు పద్ధతికి అది బొత్తిగా చాలదు. రెండు డిస్క్‌లు చేస్తే ఒక్కోదానికి 5.2 వస్తుంది, అలాగే చేసిచ్చాను.

వచ్చే పండక్కి సెకనుకు 50 ఫ్రేములతో తీయాలని ఉంది. అప్పుడు నా కెమెరా 28 మెగాబిట్లు రాస్తుంది. నాలుగు గంటలకి 50.4 జీబీ, ఇప్పుడున్న 64 జీబీ కార్డే సరిపోతుంది.