స్లైడ్లు తర్వాత, ముందు డైపర్ రూల్: పిల్లలతో మా క్రూజ్ అనుభవం

క్రూజ్ అనుకోగానే మా ఆయన షిప్పులో ఎన్ని వాటర్ స్లైడ్లు ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను డైపర్ రూల్ వెతికాను. మా చిన్నదానికి అప్పటికింకా రెండేళ్లు నిండలేదు, పెద్దాడికి ఐదు. మేముండేది మ్యూనిక్‌లో. అత్తయ్య తెనాలి నుంచి విజిటింగ్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. మొత్తం ఐదుగురం, అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. మా ఐదుగురికీ సరిపడే షిప్ వెతకడం పెళ్లి సంబంధాలు చూడటంలా తయారైంది. ఒకటి కుదిరితే ఇంకోటి కుదరదు.

డైపర్ సంగతి ముందు చెప్తాను. చాలా షిప్పుల్లో డైపర్ వేసుకునే పిల్లల్ని పూల్‌లోకి దిగనివ్వరు. స్విమ్ డైపర్ వేసినా ఒప్పుకోరు. ఇందులో వాళ్లని తప్పుపట్టడానికి లేదు. నీళ్లలో ఒక్క పిల్లాడు పని కానిచ్చినా పూల్ మూసేసి శుభ్రం చేయాల్సిందే. విరేచనాల జబ్బు షిప్పులో ఒకరికి మొదలైతే ఎంతమందికి పాకుతుందో చెప్పలేం. అందుకే కొన్ని షిప్పుల్లో చంటిపిల్లలు తడవడానికి విడిగా ఒక మూల కడతారు. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు దాన్ని బేబీ స్ప్లాష్ జోన్ అంటారు. కానీ ఒకే కంపెనీలో కూడా ఒక షిప్పులో ఉన్నది ఇంకో షిప్పులో ఉండదు. కాబట్టి కంపెనీ పేరుతో కాకుండా షిప్ పేరుతో అడగాలి. నేను ఒక ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే "పిల్లలకి అన్నీ ఉన్నాయండీ" అన్నారు. మళ్లీ చేస్తే ఇంకెవరో ఎత్తి "డైపర్ ఉంటే ఎక్కడా కుదరదు" అన్నారు. ఆ తర్వాత ఏది అడిగినా మెయిల్‌లోనే అడిగాను.

తర్వాతది వయసు. కిడ్స్ క్లబ్ అని బ్రోషర్‌లో ఎంత పెద్ద బొమ్మ వేసినా, పిల్లల్ని వదిలేసి రాగలిగేది చాలాచోట్ల మూడేళ్లు నిండాకే. రాయల్ కరీబియన్‌లో అయితే మూడేళ్లతో పాటు టాయ్‌లెట్ అలవాటు కూడా అయి ఉండాలి. అంతకంటే చిన్నవాళ్లకు కొన్ని షిప్పుల్లో నర్సరీ ఉంటుంది, గంటకింతని డబ్బులు తీసుకుంటారు. ఎమ్మెస్సీ (MSC) అనే ఇంకో కంపెనీ షిప్పుల్లో మూడేళ్లలోపు వాళ్లకు చిక్కో కంపెనీ బొమ్మలతో ఒక గది ఉంది, కానీ ఎక్కువసేపు అమ్మో నాన్నో పక్కనే కూర్చోవాలి. అంటే చిన్నది ఎలాగూ మా చంకలోనే ఉంటుంది. క్లబ్ పెద్దాడికి నచ్చితే చాలనుకున్నాం.

అసలు తర్జనభర్జన భాష దగ్గర మొదలైంది. పెద్దాడు కిండర్‌గార్టెన్‌లో జర్మన్ మాట్లాడతాడు, ఇంట్లో తెలుగు. ఇంగ్లిష్ వాడికి కార్టూన్ల భాష. వాడి కోసమైతే ఐడా కానీ మైన్ షిఫ్ కానీ కళ్లు మూసుకుని బుక్ చేయొచ్చు. రెండూ జర్మన్ల కోసం నడిచే షిప్పులే, క్లబ్‌లో టీచర్లతో సహా అంతా జర్మనే. టిప్పులు కూడా టికెట్లోనే కలిసి ఉంటాయి. కానీ అత్తయ్యకు తెలుగు, కాస్త ఇంగ్లిష్ తప్ప ఇంకేమీ రాదు. మైకులో ఏ కబురు చెప్పినా మాకేసి చూడాల్సి వస్తుంది. షో అర్థం కాదు, పక్క టేబుల్ వాళ్లతో రెండు మాటలు మాట్లాడే వీలుండదు. "నా గురించి ఆలోచించకండమ్మా, సముద్రం చూస్తూ కూర్చుంటాను" అన్నారు. అలా అన్నవాళ్ల గురించే ఎక్కువ ఆలోచించాలి.

దాంతో మధ్యధరా సముద్రంలో తిరిగే ఇటాలియన్ రకం షిప్పుల వైపు తిరిగాం. ఎమ్మెస్సీ, కోస్టా లాంటివి. వీటి పద్ధతి వేరు. జెనోవా, మార్సేయ్, బార్సిలోనా, ఇలా ఒక్కో రేవులో కొంతమంది ఎక్కుతుంటారు. వారం తిరిగి మళ్లీ ఎక్కినచోటే దిగుతారు. అందుకని మైకులో ప్రతి మాటా ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, ఇంగ్లిష్ భాషల్లో వరసగా వినిపిస్తుంది. వినీ వినీ చెవులు హోరెత్తుతాయి నిజమే, కానీ మా ఇంట్లో ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే భాష ఒకటి అందులో ఉంది. క్లబ్‌లో జర్మన్ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటారా అని మెయిల్ పెడితే, ఒకరిద్దరు ఉంటారని జవాబొచ్చింది.

ఇక పాస్‌పోర్టులు. మాకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది, చిక్కు అత్తయ్య వీసాతోనే. హాంబర్గ్ నుంచి బయల్దేరే ఒక షిప్ సౌతాంప్టన్‌లో ఆగుతుంది. అంటే ఐదుగురికీ యూకే వీసా కావాలి. అది అక్కడే కొట్టేశాం. వెనిస్ అని రాసి ఉన్న రూట్లు చూస్తే ఇంకో కథ. 2021 ఆగస్టు నుంచి పెద్ద షిప్పుల్ని ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు, మర్గేరా దగ్గరో ట్రియెస్టేలోనో ఎక్కాలి. పైగా వాటిలో కొన్ని షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) దాటి మాంటెనెగ్రో వెళ్తాయి. అలా దాటి వెనక్కి రావాలంటే వీసా స్టిక్కర్ మీద మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి కంటే ఎక్కువసార్లు లోపలికి రావచ్చని, ఉండి తీరాలి. అత్తయ్యది సింగిల్ ఎంట్రీ. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ మాత్రమే తిరిగే రూట్ అయితే ఆ టెన్షన్ లేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి క్రూజ్ ఎక్కేవాళ్లకూ ఇదే లెక్క. షిప్ మలేషియానో థాయ్‌లాండో చూపించి మళ్లీ సింగపూర్‌కే తెస్తుంది కదా.

డబ్బు దగ్గర "పిల్లలకు ఉచితం" అన్న మాట నమ్మి వెంటనే సంతోషపడకండి. గదిలో పూర్తి టికెట్ కొన్న పెద్దవాళ్లు ఇద్దరుంటేనే పిల్లలకు టికెట్ ఉండదు, రేవు పన్నులు అప్పుడూ కట్టాలి. అత్తయ్యకు విడిగా గది తీసుకుంటే ఒక్కరికే దాదాపు ఇద్దరి ధర. పోనీ పెద్దాణ్ణి ఆవిడ గదిలో వేస్తే వాడు ఆ గదికి రెండో మనిషవుతాడు, కాబట్టి ఉచితం పోతుంది. రెండు రకాలుగానూ లెక్క వేస్తే తేడా పెద్దగా లేదు. మనవడు నానమ్మ దగ్గర పడుకునేట్టు, మధ్యలో తలుపున్న పక్కపక్క గదులు తీసుకున్నాం. తలకింత చొప్పున రాత్రికింతని సర్వీస్ ఛార్జీ వేరే ఉంది. పెద్దాడు ఇంకా బడిలో చేరలేదు కాబట్టి బవేరియా సెలవులు అయిపోయాక సెప్టెంబర్ చివర్లో వెళ్లాం, అక్కడ మాత్రం బాగా కలిసొచ్చింది.

స్ట్రోలర్ మడిస్తే ఎంత వెడల్పుంటుందో టేపుతో కొలుచుకోండి. కారిడార్‌లో పెట్టనివ్వరు, గది తలుపేమో ఇరుకు. ఉయ్యాల మంచం బుకింగ్ అప్పుడే అడగాలి. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ రెండూ నిషేధం, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు.

జెనోవాలో ఎక్కగానే సేఫ్టీ డ్రిల్. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా బోల్తా కొట్టినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందల మందికి డ్రిల్ జరగనేలేదు. ఆ తర్వాత రూల్ మారింది, షిప్ బయల్దేరే ముందో బయల్దేరిన వెంటనేనో చేయించాలి. పిల్లల చేతికి మా గుంపు అక్షరం రాసిన పట్టీ కట్టారు. అత్తయ్య ఇంగ్లిష్ వంతు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, "మునిగితే ఎటు పరిగెత్తాలో ఎక్కగానే చెప్పారు, పద్ధతిగల మనుషులే" అన్నారు.

క్లబ్‌లో పేరు రాయించేటప్పుడు అలర్జీలు, ఏ భాష మాట్లాడతాడు, ఎవరెవరికి అప్పగించొచ్చు అని ఫారం ఇచ్చారు. నేను భాష దగ్గర జర్మన్, తెలుగు అని రాస్తే, అక్కడి అమ్మాయి తెలుగు మీద పెన్ను పెట్టి ఇది ఏ దేశం అని అడిగింది. మావాడు ఈలోపే లోపలికెళ్లి లెగో డబ్బా ముందు బోర్లా పడుకున్నాడు. పక్కనున్న ఫ్రెంచ్ పిల్లాడూ వీడూ ఒక్క మాట కలవకుండా గంటసేపు కొట్టుకుంటూ కట్టుకుంటూ ఆడారు. కానీ ఆ పిల్లాడు వారం మధ్యలో మార్సేయ్‌లో దిగిపోయాడు. రేవురేవుకీ మనుషులు మారే షిప్పుల్లో ఇదొక ఇబ్బంది. స్నేహితుడు రాత్రికి రాత్రి మాయమైతే ఐదేళ్ల వాడికి నచ్చజెప్పడం తేలిక కాదు. ముందే చెప్పి ఉంచితే కొంత నయం.

భోజనానికి మొదటి పంక్తి అడిగి పెట్టుకున్నాం. రెండోదానికి కూర్చునే ఇటాలియన్ పిల్లలు రాత్రి పదకొండింటికీ డెక్ మీద పరుగులు పెడుతుంటారు, మావాళ్లు ఎనిమిదిన్నరకే వాలిపోతారు. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించాం. మా టేబుల్ చూసుకునే గోవా అబ్బాయి రెండో రోజు నుంచి అన్నం, పప్పు విడిగా తెప్పించాడు. పెరుగు ఉదయం టిఫిన్ దగ్గరే దొరికేది, కందిపొడి మా బ్యాగ్‌లో ఉండనే ఉంది.

షిప్ చీవితావెక్కియాలో ఆగిన రోజు ఇంట్లో చిన్న గొడవ. అక్కణ్ణుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు, రైలుకి దాదాపు గంట. నేను పిల్లలతో దిగనన్నాను. "ఇంతదూరం వచ్చి రోమ్ చూడకపోవడమేంటమ్మాయ్" అని అత్తయ్య. చివరికి తల్లీకొడుకులిద్దరూ పొద్దున్నే రైలెక్కారు. షిప్ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి తిరుగు ప్రయాణానికి రెండు రైళ్ల ముందుదే పట్టుకోమని చెప్పి పంపాను. షిప్పులో జనమంతా రోమ్‌కి పోయారు. మిగతా రోజుల్లో క్యూ కట్టాల్సిన స్లైడ్‌ని పెద్దాడు మధ్యాహ్నం దాకా ఒంటరిగా ఏలాడు. చిన్నది నీళ్లు చిమ్మే మూలలో కూర్చుని తన చెప్పులు తనే కడుక్కుంది.