అద్దె ఫ్లాట్ వెతికిన మా అనుభవం: ఖాళీ ఇంట్లో ఏం చూశాం, ఏం అడిగాం

మా ఆయన ఆఫీసు మారింది, బాబు స్కూలూ మారాల్సి వచ్చింది. దాంతో ఉన్న ఇల్లు ఖాళీ చేసి కొత్తది వెతికే పని నా మీద పడింది. ఇంతకుముందు ఇళ్లు మారినప్పుడల్లా తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చూసిపెడితే వెళ్లి చేరిపోయేవాళ్లం. ఈసారి మొదటి నుంచి చివరిదాకా నేనే తిరిగాను. తిరిగాక నాకు గట్టిగా అనిపించింది ఏమిటంటే, ఇల్లు చూసి ఒప్పుకోకూడదు, కాసేపు వాడి చూసి ఒప్పుకోవాలి. కుళాయిలు తిప్పాలి, కిటికీలు తీయాలి, అల్మరా తెరిచి వాసన చూడాలి, రాత్రిపూట ఒకసారి వెళ్లి ఏం వినిపిస్తుందో వినాలి. ఇప్పుడు ఇల్లు వెతుకుతున్నవాళ్లకి పనికొస్తుందని మేం చేసినదంతా రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క. చేతికొచ్చే ఆదాయంలో అద్దె 30 శాతం దాటకూడదని చాలామంది చెబుతారు. లోన్ వాయిదాలు కట్టేవాళ్లకీ, ఏ అప్పూ లేనివాళ్లకీ అదే లెక్క ఎలా సరిపోతుంది? అందుకే మేం జీతంలోంచి వాయిదాలు, స్కూలు ఫీజు, అత్తయ్యగారి మందుల ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో ఎంత పెట్టగలమో చూసుకున్నాం. పైగా ప్రకటనలో కనిపించే అద్దె ఒక్కటే చూస్తే సరిపోదు. మెయింటెనెన్స్, నీళ్లు, కరెంటు, గ్యాస్, పార్కింగ్ అన్నీ కలిపితేనే నెలకి అసలు ఎంతవుతుందో తెలుస్తుంది. బ్రోకర్ కమీషన్, సామాను తరలించే ఖర్చు లాంటి ఒక్కసారి పెట్టేవాటిని కూడా, ఆ ఇంట్లో ఎన్ని నెలలు ఉంటామో అంచనా వేసి, భాగించి అద్దెకి కలిపాను. అలా కలిపాక, చవక అనుకున్న ఇళ్లు కొన్ని చవకగా లేవు.

దూరం కూడా అంతే. ఒక ఇల్లు అద్దె తక్కువే, కానీ ఆఫీసుకి ఒక వైపు 40 నిమిషాలు ఎక్కువ పడుతుంది. రానూపోనూ 80 నిమిషాలు. నెలకి 22 పనిరోజులు వేసుకుంటే 29 గంటలు దాటుతుంది. అంటే మూడు రోజుల డ్యూటీకి మించిన సమయం రోడ్డు మీదే పోతుంది. అద్దెలో మిగిలే డబ్బు పక్కన ఈ గంటలు రాసి చూపిస్తే, మా ఆయన ఇంకేం మాట్లాడకుండా ఆ ఇల్లు వద్దన్నారు. మ్యాప్‌లో దూరం చూసేటప్పుడు కూడా ఆదివారం మధ్యాహ్నం చూస్తే లాభం లేదు. ఆఫీసుకి బయల్దేరే టైమే పెట్టి చూడాలి.

ఇంట్లో అందరం కూర్చుని ఏవి తప్పనిసరి, ఏవి ఉంటే బాగుంటుంది అని రెండుగా రాసుకున్నాం. తప్పనిసరి వాటిలో మూడే పెట్టుకున్నాం: లిఫ్ట్ లేదా కింది అంతస్తు, నీళ్ల ఇబ్బంది లేకపోవడం, స్కూలు దగ్గరగా ఉండటం. బాల్కనీ, కొత్త టైల్స్, రెండో బాత్రూమ్ వగైరా అన్నీ రెండో వైపు వెళ్లాయి. ఈ కాగితం చాలా మేలు చేసింది. అందమైన బాల్కనీ చూసి మనసు అటు లాగినప్పుడల్లా దాన్ని తీసి చూసేదాన్ని.

ప్రకటనల విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. ఇల్లు లోపలికి వెళ్లి చూడకుండా, ఇస్తున్నవాళ్లు ఎవరో తెలియకుండా, ఒక్క పైసా కూడా పంపొద్దు. చుట్టుపక్కల అద్దెల కంటే బాగా తక్కువ చెప్పడం, ఓనరు ఊళ్లో లేరని చెప్పడం, "చాలామంది అడుగుతున్నారు, టోకెన్ వేస్తే మీకే ఉంచుతాం" అని తొందరపెట్టడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే అక్కడితో వదిలేయాలి. అలాంటి ప్రకటన ఒకటి మాకూ తగిలింది. ఫొటోని ఇంటర్నెట్‌లో ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూస్తే అదే హాలు వేరే ఊరి ప్రకటనలోనూ ఉంది. నిజమైన ఓనరైతే ఇంటి పత్రాలో, పన్ను రసీదో, కరెంటు బిల్లో ఏదో ఒకటి పేరుతో సహా చూపించగలరు. అద్దెకున్నవాళ్లే మళ్లీ మనకి అద్దెకిస్తుంటే, అందుకు ఓనరు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి.

ఇక ఇళ్లు చూడటం. నేను చేతిసంచిలో కొలత టేపు, ఫోన్ చార్జర్, చిన్న టార్చి పెట్టుకుని వెళ్లేదాన్ని. చార్జర్ ఎందుకంటే, ప్రతి గదిలో ప్లగ్‌లో పెట్టి చూస్తే కరెంటు వస్తుందో లేదో తెలిసిపోతుంది. టేపుతో ముందు కొలవాల్సింది గదుల కంటే తలుపులు, మెట్ల మలుపు, లిఫ్ట్. ఫ్రిజ్ పట్టే వంటిల్లు ఉండి, అది వెళ్లే దారి లేకపోతే ఏం చేస్తాం? ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని పక్కన పైపులకీ కాస్త చోటు కావాలి.

నీళ్ల పరీక్ష చాలా తేలిక. పది లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి ఫోన్‌లో టైమర్ ఆన్ చేసేదాన్ని. నిమిషంలో నిండితే స్నానానికి ఇబ్బంది ఉండదు. మూడు నిమిషాలు పడుతోందంటే పొద్దున్నే అందరూ హడావుడిగా ఉన్నప్పుడు ఇంట్లో గొడవే. ఒక కుళాయి తిప్పి ఉంచి ఇంకోటి తిప్పాలి, ఫ్లష్ కూడా చేయాలి. నింపిన బకెట్‌ని బాత్రూమ్ నేల మీద ఒంపి నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. ఒక ఫ్లాట్‌లో అవి జాలీ వైపు వెళ్లకుండా తలుపు వైపు వచ్చాయి. బ్రోకర్ గారు, "అది చిన్న విషయమండీ, వైపర్‌తో తోసేస్తే చాలు" అన్నారు. రోజూ తోయాల్సింది మేమే కాబట్టి ఆ ఇల్లు అక్కడితో ఆగిపోయింది.

తేమ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. అద్దె ఇళ్లలో రంగు కింద దాగిపోయేది ఇదే. ఒక ఇంట్లో అన్ని గోడలూ పాతబడి ఉన్నాయి, పడకగదిలో ఒక్క గోడకి మాత్రం కొత్త రంగు. ఆ గోడకి ఆనించిన అల్మరా తెరిచి, టార్చి వేసి అడుగు అర చూశాను. మూలలో నల్లటి చుక్కలు, చేత్తో తాకితే చెక్క మెత్తగా తగిలింది, లోపల తడిసిన అట్టల వాసన. గోడకి అరచెయ్యి ఆనిస్తే పక్క గోడ కంటే చల్లగా ఉంది. గోడ మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి కనిపిస్తే, లోపలి నుంచి నీరు ఊరి ఆరిపోతూ లవణాలను బయటికి తెస్తోందని అర్థం. నేల నుంచి ఎక్కే తేమ మామూలుగా గోడ కింది భాగంలో, మీటరు ఎత్తులోపు కనిపిస్తుంది. సీలింగ్ మీద అంచులు ముదురుగా ఉన్న పసుపు మరకలైతే పై ఇంటి బాత్రూమ్ లీకేజీని అనుమానించాలి. బూజు ఉన్న గది ఉబ్బసం ఉన్నవాళ్లకి మంచిది కాదు. మా బాబుకి ఆ ఇబ్బంది ఉంది. అద్దె తగ్గిస్తామన్నా మేం ఆ ఇంటికి ఒప్పుకోలేదు.

గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్లలో అది ఎక్కడ బిగించారో తప్పకుండా చూడండి. గాలి ఆడని బాత్రూమ్ లోపల గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు ఉండదు, వాసనా ఉండదు, మనిషి కళ్లు తిరిగి పడిపోయేదాకా తెలియదు. ప్రాణాలు పోతాయి. గీజర్ బాత్రూమ్ బయట, గాలి ధారాళంగా వచ్చేచోట ఉండాలి, పొగ గొట్టం ఆరుబయటికి వెళ్లాలి. అలా లేకపోతే మార్పిస్తేనే చేరతామని చెప్పాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఒకసారి అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నేను చక్కగా ఉందనుకున్న ఇంట్లో ఆవిడ నేరుగా బాత్రూమ్ దగ్గరికి వెళ్లి, గుమ్మం పట్టుకుని ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయారు. "ఈ గట్టు రోజూ దాటలేనమ్మా, రాత్రిపూట అసలు దాటలేను" అన్నారు. అది జానెడు ఎత్తు గట్టు. అంతకుముందు ఆ ఇంటికి వెళ్లినప్పుడు నా దృష్టి దాని మీద పడనే లేదు. ఆ తర్వాత ఇల్లు ఖాయం చేసేముందు ఆవిడ నడిచి చూడాల్సిందేనని పెట్టుకున్నాం. ఇంట్లో పెద్దవాళ్లో, పసిపిల్లలో ఉంటే వాళ్లని తీసుకెళ్లడం వృథా కాదు.

నచ్చిన ఇంటిని మాత్రం వేర్వేరు వేళల్లో మళ్లీ చూశాం. పడమటి గోడ ఉన్న గదికి మధ్యాహ్నం రెండింటికి ఒక రూపు, సాయంత్రం ఆరింటికి ఇంకో రూపు. కాంక్రీటు పట్టిన వేడి పొద్దుగూకాక కూడా గదిలోకి వస్తూనే ఉంటుంది. పై అంతస్తయితే శ్లాబు వేడి దానికి తోడు. చప్పుడు విషయానికొస్తే, పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ మించకపోతే నిద్రకి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఫోన్ యాప్‌లు అంత కచ్చితంగా కొలవవు గానీ, రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తాయి. మాకు బాగా నచ్చిన మొదటి అంతస్తు ఫ్లాట్‌కి రాత్రి పదింటికి వెళ్లాం. పడకగది కిందే నీళ్ల మోటారు ఉంది. అది ఆన్ అవగానే కిటికీ అద్దం సన్నగా అదరడం మొదలైంది. పగలు వెళ్లినప్పుడు మోటారు వెయ్యలేదు, అందుకే తెలియలేదు.

ఇరుగుపొరుగుని అడగడానికి మొదట్లో ఇబ్బందిగా అనిపించింది, కానీ అడిగితే ఎవరూ విసుక్కోలేదు. లిఫ్ట్ దగ్గర ఒకావిడని, "నీళ్లెలా వస్తాయండీ ఇక్కడ?" అని అడిగాను. "ఎప్పుడూ ఆగవండీ, కాకపోతే పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి వాడతారు కదా, పై రెండు అంతస్తులకి సన్నగా వస్తాయి" అన్నారు. ఈ మాట ఏ ప్రకటనలోనూ దొరకదు. ఖాళీ చేస్తున్నవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉంటే రెండు ప్రశ్నలు చాలు: ఎందుకు మారుతున్నారు, ఏదైనా పాడైతే ఓనరు ఎన్ని రోజుల్లో బాగుచేయిస్తారు. రెండో ప్రశ్నకి జవాబు చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తున్నారో కూడా గమనించేదాన్ని.

చివరికి రెండు ఇళ్లు మిగిలాయి. ఒకటి కొత్త బిల్డింగ్, పెద్ద హాలు, పై అంతస్తు. రెండోది కాస్త పాతది, రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది, వంటిల్లు ఇరుకు. కొత్తదాంట్లో పొద్దున నీళ్లు సన్నగా వస్తాయని తేలింది, శ్లాబు వేడి ఎలాగూ తప్పదు. పాతదాంట్లో ఇంతకుముందు వచ్చిన మరమ్మతులన్నీ ఓనరు వెంటనే చేయించారని ఖాళీ చేస్తున్నవాళ్లే చెప్పారు. మా కాగితంలోని మూడు తప్పనిసరివీ ఉన్నది రెండోదాంట్లోనే. అదే తీసుకున్నాం. హాలు చిన్నదైనా నాకు బాధ లేదు. కొన్నేళ్లు కలిసి వ్యవహారం నడపాల్సింది ఓనరుతో కాబట్టి, మాట మీద నిలబడే మనిషి దొరకడం నా దృష్టిలో పెద్ద విషయం.

అగ్రిమెంటు దగ్గర మాత్రం తొందరపడలేదు. కాపీ ముందే ఇమ్మని అడిగి ఇంటికి తెచ్చుకుని చదివాం. అద్దె ఎప్పుడు, ఎంత శాతం పెరుగుతుంది, అడ్వాన్స్‌లోంచి వేటికి కోస్తారు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, నోటీసు కాలం ఇద్దరికీ సమానమేనా, మధ్యలో ఖాళీ చేయకూడదన్న గడువు ఉందా, పెద్ద మరమ్మతులు ఎవరి ఖర్చు, ఓనరు చూడటానికి వస్తే ముందు చెప్పి వస్తారా. ఇవన్నీ చూశాం. రంగు వెలిసిపోవడం లాంటి మామూలు వాడకపు అరుగుదలకి డబ్బు పట్టుకోకూడదని, మేం పాడుచేసినవాటికే పట్టుకోవాలని ఒక వాక్యం చేర్చమన్నాను. ఓనరుగారు, "అవన్నీ మాట్లాడుకున్నాం కదమ్మా, రాయడం ఎందుకు?" అన్నారు. "మీ మీద నమ్మకం లేక కాదండీ. రేపు మీ బదులు మీ పిల్లలు చూసుకుంటే వాళ్లకి తెలియాలి కదా" అన్నాను. కాసేపు ఆలోచించి రాయించారు. నోటీసు కాలం కూడా రెండు వైపులా ఒకేలా పెట్టించుకున్నాం. అద్దె తగ్గించమంటే మాత్రం ఒప్పుకోలేదు, బదులుగా పడకగదికి రంగు వేయించి, కిటికీలకి దోమతెరలు పెట్టిస్తామన్నారు. మాకు అదే నయమనిపించింది.

తాళాలు తీసుకునే రోజు సామాను ఇంకా దించకముందే ఖాళీ గదులన్నీ వీడియో తీశాం. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల రీడింగులు అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి, ఎన్ని తాళంచెవులు ఇచ్చారో, ఫ్యాన్లు, లైట్లు, గీజర్ ఏ స్థితిలో ఉన్నాయో ఒక జాబితా రాశాం. హాల్లో పగిలిన టైల్, కారుతున్న వంటింటి కుళాయి, సరిగా పడని కిటికీ గొళ్లెం కూడా అందులో ఎక్కించాం. ఓనరుగారు నాతో పాటు గది గది తిరిగి చూసి సంతకం చేశారు. చెరో కాపీ తీసుకున్నాం, ఫొటోలన్నీ ఆ సాయంత్రమే ఆయనకి మెయిల్ చేశాను. కుళాయి తర్వాతి వారంలోనే బాగుచేయించారు. గొళ్లెం కోసం వడ్రంగిని పంపిస్తానన్నారు, టైల్ మాత్రం మేం ఖాళీ చేశాకే మారుస్తామని మెయిల్‌లోనే రాశారు.