మూడో అధ్యాయం దగ్గర ఆగినవాళ్లు

బుధవారం. వీక్లీ ఆఫ్. తిరుపతి లాడ్జీల్లో పనిచేసేవాళ్లకు శని, ఆదివారాలు సెలవు దొరకదు, రద్దీ అంతా అప్పుడే. నేను అకౌంట్లు రాసే చోట నాకు బుధవారం ఇచ్చారు. పొద్దున్నే వంట ముగించుకుని, బస్టాండుకు వెళ్లి పాకాల మీదుగా పోయే బస్సెక్కాను. దామలచెరువులో చిన్నాయన దగ్గర నా నవల కాపీ ఉంది. చదవడం అయిపోయిందని మొన్న ఫోన్ చేశాడు. ఎట్లుందని అడిగితే "ఫోన్లో చెప్పేది కాదు పాపా, ఇంటికి రా" అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది.

రాత్రి వాన పడింది. చంద్రగిరి దాటేదాకా కొండలు మబ్బులోనే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఏ పేజీ గురించి ఏమంటాడో అని ఊహించుకుంటూనే ఉన్నాను.

నవల మొదటి డ్రాఫ్టు వినాయక చవితికి ముందే పూర్తయింది. కథంతా 2025 మామిడి సీజన్లో జరుగుతుంది. తోతాపురి కోసి, ట్రాక్టరుకెత్తి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడ్డ ఒక కుటుంబం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ట్రాక్టరు తోలే ఒక పిల్లోడు. ఆ ఏడాది చిత్తూరు జిల్లాలో ధర ఎట్లా పడిపోయిందో ఇక్కడ అందరికీ తెలుసు. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని లెక్క కట్టారు. పేపర్లో అది ఒక వార్త. గేటు ముందు, ఎండలో, లోడు కింద కూర్చున్నవాళ్లకు అది బతుకు. దాన్ని రాయాలనే ఈ నవల మొదలుపెట్టాను.

రాసిన మనిషికి కథంతా తలలో ఉంటుంది. ఆ తండ్రి ఎందుకు మాట్లాడడో నాకు తెలుసు, పెద్దకొడుకు చిన్నప్పుడు ఏం చేశాడో తెలుసు. అందులో కాగితం మీదికి ఎంత వచ్చిందో మాత్రం నా కళ్లకు కనిపించదు. ఎన్నిసార్లు తిరిగి చదువుకున్నా, రాయని వాక్యాలను కూడా నేనే నింపుకుంటూ పోతాను. అందుకే నవల బయటికి పోకముందే చదివిపెట్టేవాళ్లు కావాలి. ఇంటి మనుషుల్లోనో, ఊరి మనుషుల్లోనో వాళ్లను వెతుక్కోవడం రాయడమంత పని.

మా ఆయన మొదట చదివాడు. "చాలా బాగుంది" అన్నాడు, మనస్ఫూర్తిగానే. ఆ మాటతో ఇంకో నెల రాయగల ఓపిక వచ్చింది. కానీ ఏ పేజీలో ఆగాడో, ఏ మనిషి మీద కోపం వచ్చిందో చెప్పమంటే, "అంతా బాగుంది కదా" అన్నాడు. ప్రేమున్న చోట అంతకంటే అడగకూడదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు. ఎర్ర పెన్నుతో ప్రతి ఒత్తూ, ప్రతి దీర్ఘమూ సరిచేసి ఇచ్చారు. ఎంత శ్రద్ధో! కానీ అది ఆఖరున, అచ్చుకు పోయే ముందు కావలసిన సాయం. అధ్యాయాలే అటూ ఇటూ మారబోతుంటే అందులోని దీర్ఘాలు దిద్ది ఏం లాభం? ఆ మాట ఆయనతో అనలేదు. "మాస్టారూ, చివరి కాపీ కూడా మీరే చూడాలి" అన్నాను. ఆయన సంతోషపడి ఒక సంగతి గుర్తుచేశారు. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, మళ్లీ ఎంతో మార్చి రాసి 1909లో వేశారు. "గురజాడవారే అన్నేళ్ల తరవాత కూడా ముట్టుకున్నారమ్మా, నీకేం తొందర" అన్నారు. ఆ మాట ఆయన దిద్దిన దీర్ఘాలన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది.

ఇక మిగిలింది ఇద్దరు. ఒకరు చిన్నాయన. ఇంకొకరు మా ఆడపడుచు కూతురు, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఫోన్లో నవలలు తెగ చదువుతుంది. పుట్టి పెరిగింది తిరుపతి టౌన్లో, మామిడి తోపు సంగతులు దానికి ఏమీ తెలియవు. చిన్నాయనేమో కుర్రతనం నుంచీ మామిడి మండీలో గుమాస్తా. ఒకరికి ఆ లోకం పూర్తిగా కొత్త, ఇంకొకరికి దాంట్లో ప్రతి అంగుళం తెలుసు. కావాలనే అట్లా ఎంచుకున్నాను.

ఇద్దరికీ ఒకటే చెప్పాను. బాగుందో బాగలేదో చెప్పొద్దు, ఎట్లా రాయాలో కూడా చెప్పొద్దు. చదువుతూ ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారో అక్కడ గుర్తు పెట్టండి, ఎందుకు పెట్టారో ఒక ముక్క రాయండి. ఎవరు ఎవరో కలగాపులగం అయితే అక్కడ చుక్క పెట్టండి. తరవాత ఏం జరుగుతుందని అనుకుంటున్నారో అధ్యాయం చివర రాయండి. అంతే. చిన్నాయనకు ప్రింటు తీయించి ఇచ్చాను, ఒకవైపే, వరసల మధ్య బాగా ఖాళీ వదిలి, అంచున బొటనవేలంత జాగా పెట్టి. యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో స్పైరల్ వేయించాను. పాపకు పీడీఎఫ్ పంపాను.

దామలచెరువులో దిగేటప్పటికి ఎండ వచ్చింది. జూన్, జూలైల్లో ఈ రోడ్డు మీద కాలు పెట్టడానికి సందుండదు, ఎటు చూసినా కాయల లోడ్లే. ఇప్పుడు మండీ షెడ్లు ఖాళీగా పడున్నాయి, ఒక షెడ్డులో ఎవరో చింతపండు ఆరబోసుకున్నారు. సీజన్ లేని నెలల్లో చిన్నాయనకు చదవడానికి బోలెడంత టైముంటుంది. ఆయన చదువరితనం ఈనాటిది కాదు. వారపత్రికల్లో సీరియల్స్ జోరుగా వచ్చే రోజుల్లో, కథ నచ్చకపోతే ఎడిటర్‌కు కార్డు ముక్క రాసేవాడు. అప్పటి రచయితలకు అదొక భాగ్యం, కథ నడుస్తూండగానే పాఠకులు ఏమనుకుంటున్నారో వారం వారం తెలిసేది. ఇప్పుడు అది పోయింది. నా బోటివాళ్లం గదిలో కూర్చుని మొత్తం రాసి, ఆ తరవాత ఒక్కొక్కరినీ బతిమాలుకోవాలి.

స్పైరల్ కాపీ నా చేతికిచ్చాడు. అంచుల నిండా పెన్సిలు రాత. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒక చోట అడ్డగీత, పక్కన "కరెంటు పోయింది". ఇంకో చోట "మీ చిన్నమ్మ పిల్చింది". రెండో అధ్యాయం మొత్తంలో ఒక్క గీత లేదు, చివర్లో మాత్రం "తమ్ముడు పారిపోతాడు" అని ఊహ. మూడో అధ్యాయంలోకి రాగానే "నిద్రొచ్చింది". రెండు పేజీల తరవాత మళ్లీ "నిద్రొచ్చింది". ఆ రెండు మాటల దగ్గరా వేలు పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇంత నిజాయితీగా ఇంకెవరు చెబుతారు?

"ఆ రేట్ల కథంతా మాకు తెలిసిందే గదా పాపా. కమీషనెంత, తరుగెంత, ఫ్యాక్టరీవోళ్లు ఎంతిస్తామన్నారు. యాబై ఏండ్లుగా ఇదే కదా నేను రాసింది, పద్దు పుస్తకంలో" అన్నాడు. తరవాత ముందుకు వంగి, అసలు సంగతి చెప్పాడు. "ఇన్ని రాత్రులు ఆ ట్రాక్టరు గేటు ముందర్నే ఉండె గదా. మరి వాసన యాడ రాసినావు? అడుగు కాయ మెత్తబడి రసం కారతాది. ట్రాలీ సందుల్లోంచి బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడతాది. ఈగలు, కందిరీగలు. మొదటి రోజు తీపి వాసన, మూడో రోజుకి పులుపెక్కతాది. ఆ వాసన వచ్చిందంటే రైతుకు గుండె జారిపోతాది, ఎవురూ ధర చెప్పబన్లేదు."

బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి, ఆయన మాటలు ఆయన యాసలోనే రాసుకున్నాను. ధర గురించి నేను రాసిన ఆరు పేజీల కంటే ఆ పులుపెక్కిన వాసనే ఎక్కువ చెబుతుంది.

ఆపైన ఒక ప్రశ్న అడిగాడు. "ట్రాక్టరు తోలే పిల్లోడు బండి కింద పండుకున్నాడు గదా, ఐదో దాంట్లో. మళ్లా లేచినాడా?" నాకు జవాబు లేదు. ఆ పిల్లోడు నా దృష్టిలో చిన్న పాత్ర, ఆ రాత్రి తరవాత వాడి పని అయిపోయింది. చిన్నాయన మాత్రం మిగిలిన పేజీలన్నీ వాడు మళ్లీ వస్తాడని చూస్తూ చదివాడు. ఏడో అధ్యాయం అంచున కూడా రాసి ఉంది, "పిల్లోడు?" అని.

సలహాలు కూడా ఇచ్చాడు, వద్దని చెప్పినా. పెద్దకొడుకు గేటు దగ్గర గట్టిగా తగవు పెట్టుకోవాలట, చివర్లో మంచి ధర రావాలట. అవి రాసుకోలేదు. చదివినవాళ్లు "ఇక్కడ ఏదో తగ్గింది" అంటే దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది. దాన్ని ఏం పెట్టి నింపాలో మాత్రం రాసేవాళ్లే తేల్చుకోవాలి. ఆయన చూసిన రైతులకు మంచి ధర రావాలని ఆయన కోరిక, ఆ కోరిక చూస్తే కళ్లు చెమర్చాయి. కథ ముగింపు మాత్రం అది కాదు.

చిన్నమ్మ తినకుండా పోనివ్వలేదు. సంగటి, చెనక్కాయల ఊరిబిండి. "మీ చిన్నాయన రాత్రుళ్లు లైటేసుకుని చదివేది, నాకు నిద్ర లేదు" అని దెప్పింది. తిరుగు బస్సుకు లేస్తుంటే, "నాకూ చదివి వినిపించినాడులే, ఆ తల్లి లేని కొడుకుల్ది" అంది. ఆ కొడుకులకు తల్లి లేదని నవలలో ఎక్కడా వాక్యంగా రాయలేదు. వినే ఆమెకు అది చేరింది.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంటుంటే పాప వాయిస్ మెసేజ్ వచ్చింది. హాస్టల్ వరండాలో నడుస్తూ మాట్లాడినట్టుంది, వెనక ఎవరివో నవ్వులు. "అత్తా, నిజం చెప్తున్నా ఏమనుకోవద్దు. మూడో చాప్టర్లో రెండు పేజీలు చదివి వదిలేసి నాలుగుకి వెళ్లిపోయా. టన్నులు, కమీషన్లు, ఎవరు ఎవరికి ఎంతిస్తారో నాకు అర్థం కాలా. కానీ దాటేసినా తర్వాత కథ అర్థమైంది. ఆ ట్రాక్టర్ అబ్బాయి మాత్రం భలే ఉన్నాడు, అతనేమయ్యాడు?"

స్టవ్ కట్టేసి మళ్లీ విన్నాను. ఒకాయనకు అంతా తెలిసిందే కాబట్టి నిద్రొచ్చింది, ఇంకొకళ్లకు ఏమీ తెలియక దాటేశారు. కారణాలు ఒకదానికొకటి పొంతన లేవు, ఆగింది మాత్రం అవే పేజీల దగ్గర. ఇద్దరూ అడిగింది ఆ పిల్లోడి గురించే. ఒక్కరే అయితే వాళ్ల ఇష్టం అనుకుని వదిలేసేదాన్నేమో. ఇంత దూరంగా ఉన్న ఇద్దరు ఒకే చోట కాలు ఆపితే ఇక వాదించడానికి ఏం లేదు. ఇంకా వివరంగా రాస్తే పాపకు అర్థమవుతుందేమో, చిన్నాయనకు ఇంకా నిద్రొస్తుంది. తగ్గిస్తే ఆయన మేలుకుంటాడు, ఈమెకు ఏమీ అందదు. కాబట్టి వివరించడమే వద్దు. పాప ఆ పేజీలు దాటేసినా కథ తెగలేదంటే, అవి లేకపోయినా కథ నడుస్తుంది. ధర ఎంతో గేటు దగ్గర టోకెన్ కోసం జరిగే మాటల్లో ఒక ముక్క తెలిస్తే చాలు, మిగతాది ట్రాలీ కింద కారే రసం చెబుతుంది. ఆ ఆరు పేజీలూ తీసేస్తున్నాను. వాటి కోసం ఎంత తిరిగానో, ఎంతమందిని అడిగానో గుర్తొచ్చి మనసు కొంచెం గుంజింది. ఆ తెలిసిన లెక్కలన్నీ నాలో ఉంటాయి, గేటు దగ్గర వాళ్లు మాట్లాడే మాటకు బరువిస్తాయి.

ఒక విషయంలో జాగ్రత్త పడుతున్నాను. ఏ మనిషైనా ఒక నవలను మొదటిసారి చదివేది ఒక్కసారే. చిన్నాయనకు, పాపకు మార్చిన ప్రతి ఇచ్చినా, పాతది గుర్తుంటుంది, తీసేసిన పేజీలు వాళ్ల తలలో నిండి ఉంటాయి. కాబట్టి రెండో డ్రాఫ్టుకు కొత్త కళ్లు కావాలి. అందరికీ ఒకేసారి పంచేసి ఉంటే ఇప్పుడు నాకు ఎవరూ మిగిలేవారు కాదు. మా రిసెప్షన్లో పనిచేసే శ్రీకాకుళం అమ్మాయిని అడగాలని చాలా రోజులుగా ఉంది. బ్రేక్ టైములో ఎప్పుడూ చేతిలో ఏదో ఒక పుస్తకం ఉంటుంది. మామిడి గురించి తెలియదు, మా యాస కొత్త, నేనంటే మొహమాటం కూడా పెద్దగా లేదు. రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ పెట్టాను. సంక్రాంతి తరవాత ఒక నవల ఇస్తాను, మూడు వారాల్లో చదివిపెడతావా, చదవలేకపోతే ఏ పేజీలో వదిలేశావో చెప్పినా నాకు చాలు అని. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: "తప్పకుండా అక్కా. కానీ నేను కూడా కథలు రాస్తాను, మీరు చదువుతారా?"

చదువుతానని రాశాను. ఎట్లా చదవాలో ఈ రోజు చిన్నాయన దగ్గర చూశాను, పెన్సిలుతో, ఆగిన ప్రతి చోటా కారణం రాస్తూ.

రేపు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున రెండు గంటలు చిక్కుతాయి. ముందు ఆ పిల్లోడు ట్రాక్టరు కింద నిద్ర లేచే సీను రాయాలి, ఆ తరవాతే మూడో అధ్యాయం.