రిజిస్టరులోని పొడి సంతకం, సర్వరులోని అనుమతి

మా ఊరి గ్రంథాలయంలో కంప్యూటరు రాక ముందు పుస్తకాల రాకపోకలు, ధరావతులు, ఆలస్య రుసుములు అన్నీ ఒక పెద్ద రిజిస్టరులో రాసేవారు. ప్రతి పద్దు చివర దాన్ని రాసినవారి పొడి సంతకం ఉండేది. ఆ రిజిస్టరు స్థానంలో నేను గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న వెబ్ సర్వరును, దాని వెనుక ఎస్‌క్యూలైట్ డేటాబేసును అమర్చినప్పుడు, కౌంటరు దగ్గర కూర్చునే వారందరికీ కలిపి ఒకే పాస్‌వర్డు ఇచ్చాను. పని సులువుగా సాగిపోయింది కాబట్టి అందులో లోపం ఉందని చాలాకాలం నాకు తోచలేదు. ఒక సభ్యునికి ధరావతు రెండుసార్లు తిరిగి చెల్లించినట్టు లెక్కల్లో తేలిన రోజున, మా గ్రంథపాలకులైన మాస్టారు నన్ను పిలిచి, "రిజిస్టరులోనైతే పొడి సంతకం చూసి అడిగేవాళ్లం నాయనా, ఇందులో ఎవరిని అడగాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ అప్లికేషనుకు అథెంటికేషన్‌ను, అంటే వచ్చినవారు ఎవరో తేల్చుకునే పద్ధతిని, పాత్రల ఆధారంగా అనుమతులిచ్చే పద్ధతిని చేర్చే పని ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఈ పనిలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వచ్చినవారు ఎవరు అన్నది మొదటిది. వారు ఈ పని చేయవచ్చునా అన్నది రెండవది. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమావళి అయిన ఎచ్‌టీటీపీ కూడా వీటిని విడదీసే చూస్తుంది: గుర్తింపు చూపని అభ్యర్థనకు 401 అనే జవాబు అంకె, గుర్తింపు తెలిసినా అనుమతి లేని అభ్యర్థనకు 403. మొదట్లో నేను రెండింటికీ 403 పంపాను. దానివల్ల సెషన్ (లాగిన్ అయినవారిని సర్వరు గుర్తుంచుకునే వ్యవధి) గడువు ముగిసినవారు కూడా తమ అధికారం ఎవరో తీసేశారని అనుకొని కంగారుపడ్డారు. ఇప్పుడు సెషన్ లేనివారిని లాగిన్ పేజీకి పంపుతున్నాను, ఉండి అనుమతి లేనివారికి మాత్రమే ఆ విషయం చెబుతున్నాను.

పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్టుగా దాచకూడదని, ప్రతిదానికీ వేరే సాల్టు (యాదృచ్ఛికమైన అదనపు విలువ) కలిపి హ్యాష్ చేయాలని, అంటే వెనక్కి తిప్పలేని రూపానికి మార్చాలని, కంప్యూటరు శాస్త్రవేత్తలు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979 నాటికే రాశారు. నేను మొదట 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతిని ఎంచుకున్నాను, కానీ తెలుగులో పాస్‌వర్డు పెట్టుకునేవారికి అందులో ఒక చిక్కు ఉంది. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలుతుంది గానీ, తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ మూడేసి బైట్లు పడతాయి. "గ్రంథాలయం" అన్న ఒక్క మాటలో తొమ్మిది సంకేతాలున్నాయి, అంటే 27 బైట్లు. అంత పొడవున్న మూడు మాటలు కలిపితే 81 బైట్లై హద్దు దాటిపోతుంది. గో భాషలోని బీక్రిప్ట్ ప్యాకేజీ ఇలాంటి పాస్‌వర్డును తీసుకోకుండా తప్పు చూపుతుంది. కొన్ని ఇతర ప్రోగ్రామింగ్ లైబ్రరీలు మాత్రం చెప్పకుండా 72వ బైటు దగ్గర కోసేస్తాయి, అప్పుడు మొదటి 24 సంకేతాలు ఒకటైన రెండు వేర్వేరు పాస్‌వర్డులు ఒకదానికొకటి సరిపోతాయి. అందుకే 2015లో పాస్‌వర్డు హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే మరొక హ్యాష్ పద్ధతికి, అందులోనూ ఆర్గాన్2ఐడీ రకానికి మారాను.

తెలుగు పాస్‌వర్డులలో ఇంకొక సూక్ష్మం ఉంది, దాని మీద కొంచెం ఎక్కువ సేపు నిలబడటం నాకు ఇష్టం, ఎందుకంటే మన భాషలో రాసుకునేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సంగతి చెప్పేవారు తక్కువ. అన్ని భాషల లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు తోక గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా బైట్లు వేరు కాబట్టి హ్యాష్‌లు కూడా వేరవుతాయి. హ్యాష్ చేసే ముందు పాస్‌వర్డును యూనికోడ్ సాధారణీకరణకు, అంటే ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే పనికి, గురిచేయాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాలలో చెప్పడానికి కారణం ఇలాంటి తేడాలే. నేను ఎన్‌ఎఫ్‌కేసీ అనే సాధారణీకరణ పద్ధతిని వాడుతున్నాను. అయితే పొల్లు తరువాత అక్షరం వత్తుగా మారకుండా మనం వేసే కనిపించని విడదీత గుర్తును ఈ సాధారణీకరణ తొలగించదు. ఒక కీబోర్డు దాన్ని వేసి మరొకటి వేయకపోతే, సభ్యుడు సరైన మాటే కొట్టినా తలుపు తెరుచుకోదు. అందువల్ల ఆ గుర్తును ఖాతా తెరిచేటప్పుడూ, లాగిన్‌లోనూ హ్యాష్‌కు ముందే తీసివేస్తున్నాను.

సెషన్ విషయంలో నా నిర్ణయం పాతకాలపుదిగా అనిపించవచ్చు. సర్వరు డిజిటల్ సంతకం చేసి ఇచ్చే గుర్తింపు చీటీ లాంటి టోకెనులోనే పాత్రను రాసి పంపితే సర్వరు ప్రతిసారీ డేటాబేసును అడగనవసరం లేదు. కానీ అలాంటి టోకెను గడువు తీరే వరకు చెల్లుతుంది కనుక, ఉదయం బాధ్యత నుంచి తప్పుకున్నవారి చేతిలో సాయంత్రం వరకు పాత అధికారం మిగిలిపోతుంది. మా గ్రంథాలయానికి వచ్చే రాకపోకలకు డేటాబేసును ఒకసారి అడగడం భారం కానే కాదు. కాబట్టి లాగిన్ అయినప్పుడు 32 బైట్ల యాదృచ్ఛిక విలువను బ్రౌజరు దాచుకునే కుకీలో పంపి, దాని హ్యాష్‌ను మాత్రమే సెషన్ల పట్టికలో దాస్తున్నాను. ఆ కుకీని జావాస్క్రిప్ట్ చదవలేకుండా, ఎచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే వెళ్లేలా, వేరే సైటు నుంచి పంపే ఫారాలతో పాటు రాకుండా గుర్తులు పెట్టాను. లాగిన్ కాగానే పాత సెషన్‌ను రద్దు చేసి కొత్తది ఇవ్వడం కూడా తప్పనిసరి.

ఇక పాత్రల సంగతి. పరిశోధకులు డేవిడ్ ఫెరైయోలో, రిచర్డ్ కూన్ 1992లో ప్రతిపాదించిన నమూనాలో వ్యక్తికి నేరుగా అనుమతి ఉండదు: వ్యక్తికి పాత్ర, పాత్రకు అనుమతులు. కార్యదర్శి మారితే కొత్తవారికి ఆ పాత్రను ఇస్తే చాలు, అనుమతుల జాబితాను తాకనవసరం లేదు. మాకు సభ్యుడు, గ్రంథపాలకుడు, కోశాధికారి, కార్యదర్శి అనే నాలుగు పాత్రలు సరిపోయాయి. మొదటి ప్రయత్నంలో నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ప్రోగ్రాములో అడుగడుగునా "ఇతను కోశాధికారియా?" అని పాత్ర పేరునే అడగడం. ధరావతులు తీసుకునే పనిని గ్రంథపాలకునికి కూడా ఇవ్వాలని కమిటీ నిర్ణయించినప్పుడు తొమ్మిది చోట్ల ప్రోగ్రాము మార్చవలసి వచ్చింది, ఒకచోట మరిచిపోయాను. ఇప్పుడు ప్రోగ్రాము "ధరావతు తీసుకునే అనుమతి ఉందా?" అని మాత్రమే అడుగుతుంది. ఆ అనుమతి ఏ పాత్రకు ఉందన్నది పట్టికలో ఒక వరుస.

దీనికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. అనుమతి లేనివారికి రుసుము మాఫీ చేసే బటన్ కనబడకుండా పేజీ నుంచి తీసివేసి, పని పూర్తయిందనుకున్నాను. ఒక మిత్రుడు సాధారణ సభ్యునిగా లాగిన్ అయి, ఆ చిరునామాకు నేరుగా అభ్యర్థన పంపితే మాఫీ జరిగిపోయింది. బటన్ దాచడం చూసేవారి సౌకర్యానికి మాత్రమే. కాపలా సర్వరు దగ్గర ఉండాలి. 2021లో వెలువడిన, వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ వారి పది ప్రమాదాల జాబితాలో అనుమతుల తనిఖీ లోపాలు మొదటి స్థానానికి ఎక్కాయని అంతకు ముందే చదివాను, అయినా చదివిన సంగతి చేతిదాకా రాలేదు.

కంప్యూటరు భద్రతా పరిశోధకులు సాల్ట్జర్, ష్రోడర్ 1975లో రాసిన రెండు సూత్రాలు అప్పుడు నాకు దారి చూపాయి: ప్రతి ప్రవేశాన్నీ తనిఖీ చేయాలి, ఏమీ చెప్పనప్పుడు నిరాకరణే జవాబు కావాలి. ఆ ప్రకారం, ప్రతి రూటునూ (సర్వరు జవాబిచ్చే ప్రతి చిరునామానూ) ఒకే ఫంక్షను ద్వారా నమోదు చేస్తున్నాను. ఆ ఫంక్షనుకు అనుమతి పేరు ఇవ్వకపోతే సర్వరు అసలు మొదలే కాదు. అందరికీ తెరిచి ఉంచవలసిన పుస్తకాల జాబితా పేజీకి కూడా "బహిరంగం" అని స్పష్టంగా రాయాలి. కొత్త పేజీ చేర్చేటప్పుడు తనిఖీ మరిచిపోవడం మనిషికి సహజం కనుక, మరిచిపోతే సర్వరు నడవకుండా ఆగిపోవడమే నాకు మేలనిపించింది.

అయినా పాత్ర ఒక్కటే అన్నిటికీ జవాబు చెప్పదు. సభ్యునికి తన ఖాతా చూసే అనుమతి ఉంది, కానీ చిరునామాలోని అంకె మార్చి పక్కవారి ఖాతా చూసే హక్కు లేదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది వారి సొంత విషయం, దాన్ని కాపాడటం గ్రంథాలయం బాధ్యత. కాబట్టి డేటాబేసును అడిగేటప్పుడే ఖాతా అంకెతో పాటు లాగిన్ అయిన వ్యక్తి అంకెను కూడా షరతుగా పెడుతున్నాను. సరిపోకపోతే 403 కాక, దొరకలేదని చెప్పే 404 పంపుతున్నాను, ఎందుకంటే అలాంటి ఖాతా ఉందో లేదో కూడా అవతలివారికి తెలియనవసరం లేదు.

మాఫీ దగ్గర మరొక కట్టుబాటు అవసరమైంది. చిన్న సంస్థలో ఒకరు సెలవు పెడితే వారి పని ఇంకొకరు చూస్తారు, అప్పుడు ఒకే మనిషికి రెండు పాత్రలు వస్తాయి. మాఫీ కోరేదీ, ఆమోదించేదీ ఒకరే అయితే పాత్రలు విడదీసిన ప్రయోజనం పోతుంది. ఆమోదించే అభ్యర్థన వచ్చినప్పుడు, అనుమతితో పాటు, కోరినవారూ ఆమోదించేవారూ వేర్వేరు వ్యక్తులేనా అని కూడా సర్వరు చూస్తుంది. మాస్టారికి అన్నిటికంటే నచ్చిన నియమం ఇదే.

వీటన్నిటికీ పరీక్ష ఒక పట్టిక రూపంలో రాశాను: 31 రూట్లు, నాలుగు పాత్రలు, లాగిన్ కాని సందర్శకుడు, మొత్తం 155 గళ్లు. ప్రతి గడిలో ఏ జవాబు రావాలో ముందే రాసి ఉంటుంది. ఆ గళ్లను నింపడానికి కార్యదర్శితో, కోశాధికారితో కూర్చున్న సాయంత్రం, ప్రోగ్రాము రాసిన వారాలకంటే విలువైనది, ఎందుకంటే నలుగురికీ తెలుసనుకున్న అధికారాలలో నాలుగైదింటిపై వారికే ఏకాభిప్రాయం లేదని అప్పుడు తెలిసింది. అవి కమిటీ తీర్మానం చేసిన తరువాతే పట్టికలోకి ఎక్కాయి.

ఇప్పుడు ప్రతి పద్దుకూ చేసినవారి గుర్తింపు, సమయం జతపడతాయి. పద్దును దిద్దితే పాతది చెరిగిపోదు, దిద్దుబాటు కొత్త వరుసగా చేరుతుంది. వేసవి సెలవుల్లో సాయానికి వచ్చే విద్యార్థులకు ఇచ్చే పాత్రకు ముగింపు తేదీ కూడా రాస్తున్నాను, ఆ రోజు దాటితే దాన్ని తీసివేయడం ఎవరూ గుర్తు పెట్టుకోనవసరం లేదు. ఏడాదికొకసారి ఎవరికి ఏ పాత్ర ఉందో ఆ జాబితాను అచ్చు తీసి కమిటీ ముందు పెడుతున్నాం. కార్యదర్శి ఒక్కొక్క పేరూ చదివి, ఉండవలసినవారి పక్కన పొడి సంతకం చేస్తారు.